ఉరిమినా ఆగని మోటరు

2024 మార్చి నెల. దుబాయ్‌లో సముద్రానికి దగ్గరగా, జుమేరా వైపు ఉన్న ఒక విల్లా. ఎండలు ముదరకముందే అక్కడి సంప్ పంపుకు ఏటా చేసే సర్వీసింగ్ కోసం సామాన్ల పెట్టె పట్టుకుని వెళ్లాను. ఈ పనిలోకి వచ్చి చాలా ఏళ్లయింది. ఎన్నో ఇళ్ల గుంతల్లోకి దిగాను. అయినా "నీ పనిలో నువ్వు గర్వపడే సంగతి ఒక్కటి చెప్పు" అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఆ ఇంటి సంగతే చెబుతాను. వీడు గొప్పలు చెప్పుకుంటున్నాడని మీకనిపిస్తే అనిపించనివ్వండి. చెప్పుకోదగ్గ చోట చెప్పుకోకపోతే ఎలా?

మాది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి దగ్గర ఊరు. పేరు గంగాధర్. కంపెనీ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, ఉండే గది అల్ కుసైస్‌లో. ఇంట్లోకి వచ్చే నీళ్లను బయటికి తోడే పంపులు చూసుకోవడం నా పని అంటే మా ఊళ్లో నమ్మరు. "ఇక్కడ బోర్లు ఎండి మేము సస్తుంటే, నువ్వు ఎడారికి పోయి నీళ్లు పారబోస్తున్నవా?" అని మా చిన్నాయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆయన ఎగతాళిలోనూ న్యాయం ఉంది. మా దగ్గర నీళ్లు పైకి రావాలని మొక్కుకుంటాం. ఇక్కడ సముద్రం పక్కన కాస్త తవ్వితే చాలు, ఉప్పునీళ్లు ఊరుతాయి. నేలకు దిగువన గదులు కట్టుకున్న ఇళ్లలో, అన్నిటికన్నా పల్లపు చోట ఒక గుంత తీస్తారు. అదే సంప్ పిట్. ఊటనీళ్లు, ముంగిలి కడిగిన నీళ్లు, ఏసీల నుంచి కారే నీళ్లు, అన్నీ అందులోకే చేరతాయి. గుంత నిండగానే నీళ్ల మీద తేలే ఒక బుడ్డి పైకి లేచి పంపును ఆన్ చేస్తుంది. దాన్ని ఫ్లోట్ స్విచ్ అంటారు. నీళ్లు తగ్గితే బుడ్డి దిగుతుంది, పంపు ఆగుతుంది. ఇంతే కథ.

ఇంతే కథ కాబట్టే ఎవరికీ పట్టదు. చలికాలంలో ఏసీలు బందవుతాయి, గుంతలో నీళ్లు అడుగంటుతాయి, ఉప్పు పేరుకుని ఫ్లోట్‌ను గోడకు అతికించేస్తుంది. పైకి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఆ తర్వాత మొదటిసారి నీళ్లు వచ్చిన రోజు ఫ్లోట్ లేవదు, ఇల్లు మునుగుతుంది. అప్పుడు నాకు ఫోన్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అందుకే మార్చి సర్వీసింగ్ అంటే నాకు పట్టుదల. ఎవరైనా "ఈసారికి వద్దులే" అంటే కోపం కూడా వస్తుంది.

ఆ ఇంట్లో అందరూ మామా అని పిలిచే పెద్దావిడ ఉంది. ఎమిరాతీ కుటుంబం. ఆమె కొడుకును నేను అర్బాబ్ అనేవాణ్ని, యజమాని అని అర్థం. కొద్ది వారాల కిందటే మామాకు తుంటి ఆపరేషన్ అయింది. తోటలోకి తలుపు తీసుకోవచ్చని, ఎండాకాలం చల్లగా ఉంటుందని ఆమె మొదటి నుంచీ కింది అంతస్తు గదిలోనే ఉండేది. ఆపరేషన్ తర్వాత మంచం దిగడానికే ఇద్దరు పట్టుకోవాలి. పైకి రావాలంటే ఇంట్లో లిఫ్టే దిక్కు. ఆమెను కంటికి రెప్పలా చూసుకునేది, వంట చేసేది గౌసియక్క. రాయచోటి మనిషి, యాభై దాటిన వయసు. నేను తెలుగువాణ్నని తెలిసిన రోజు నుంచి నాకు టీ ఇవ్వకుండా ఆ ఇంటి గడప దాటనివ్వలేదు.

గుంత మూత తీస్తే అనుకున్నట్టే ఉంది. ఉప్పు, ఇసుక, దాని మీద ఖర్జూరం గింజలు. తోటలో కూర్చుని మామా ఖర్జూరాలు తినే చోటుకు పక్కనే గుంతలోకి నీళ్లు దిగే జాలీ ఉంది మరి. అంతా ఎత్తి పోసి, పంపు పైకి తీసి కడిగి, ఫ్లోట్ మీది ఉప్పు గీకాను. చెక్ వాల్వ్ చూశాను. పైపులోంచి బయటికి వెళ్లిన నీళ్లు వెనక్కి రాకుండా అడ్డుకునే తలుపు లాంటిది అది. దాని రెక్క అరిగిపోయి సరిగా మూసుకోవడం లేదు. మార్చాలన్నాను.

అర్బాబ్ ఒప్పుకోలేదు. "దుబాయ్‌లో వాన ఎక్కడిది? వచ్చే ఏడాది చూద్దాం. యల్లా, ఇక పద" అన్నాడు. మా ముదీర్, అంటే మేనేజర్‌కు ఫోన్ చేస్తే, ఆయన కూడా కస్టమర్ వద్దంటే వదిలేయమన్నాడు. నాకు మొండితనం ఎక్కువ. "వాన రాకపోతే మంచిదే సార్. వస్తే మాత్రం వీధిలో నీళ్లు ఈ పైపులోంచి నడుచుకుంటూ మీ అమ్మగారి గదిలోకి వస్తాయి" అన్నాను. అమ్మ పేరెత్తగానే ఆయన మెత్తబడ్డాడు. వాల్వ్ మారింది.

చివరగా పరీక్ష. గుంతలో నీళ్లు పోసి ఫ్లోట్ లేస్తుందో లేదో కళ్లారా చూడనిదే నేను కదలను. గౌసియక్క బకెట్లతో పోస్తుంటే ఫ్లోట్ లేచింది, పంపు గుర్రుమని ఆడింది, నీళ్లు సర్రున పోయాయి.

"బలే ఆడతాండాదే! మా సేనికాడి మోటరు మాదిరే" అంది ఆమె.

"మోటరే అక్కా. దీని స్విచ్చుల డబ్బ మీ వంటింటి స్టోర్‌ల ఉన్నది సూడు, బియ్యం బస్తాల పక్కకు. పచ్చలైటు ఉంటే అంతా మంచిగున్నట్టు" అని చెప్పి సెలవు తీసుకున్నాను.

ఏప్రిల్‌లో ఆ వాన వచ్చింది. ఆ రోజు దుబాయ్‌లో ఉన్నవాళ్లెవరికీ దాని గురించి చెప్పనక్కర్లేదు. పట్టపగలే గదుల్లో దీపాలు వేసుకున్నాం. మా బిల్డింగ్ ముందు రోడ్డు చెరువైంది. కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కంపెనీ బండి రాలేదు, వచ్చినా కదిలే దారి లేదు. మధ్యాహ్నం ఫోన్ మోగింది. గౌసియక్క.

"నాయనా గంగాధరా! నీళ్లు! గుంత మూత మీంచి పొంగి కింది వసారా అంతా నిండినాయి. మామా గది గడప కాడికి వచ్చినాయి. నువ్వు బాగుచేసిన మోటరు ఆడ్డంలేదు నాయనా!"

నువ్వు బాగుచేసిన మోటరు. ఆ మాట ఎక్కడో తగిలింది, కానీ నొచ్చుకునే సమయం కాదు. అర్బాబ్ అబూ ధాబీ నుంచి వస్తూ దారిలో ఇరుక్కున్నాడు. డ్రైవర్ కూడా ఆయనతోనే. సాయం కోసం ఫోన్ చేస్తే లైన్లు దొరకడం లేదు. లిఫ్టు గుంతలోకి నీళ్లు దిగి లిఫ్టు ఆగిపోయింది. ఇంట్లో ఉన్నది మంచం దిగలేని మామా, ఆమెను ఒంటిచేత్తో మెట్లెక్కించలేని గౌసియక్క. నేను అల్ కుసైస్‌లో, వాళ్లు జుమేరాలో, మధ్యలో సముద్రమంత రోడ్డు.

"అక్కా, జెర నిమ్మలంగ విను. నువ్వు ఇప్పుడు యాడున్నవ్?"

"పైన, వంటింట్లో."

"మంచిది. నేను చెప్పేదాకా కింద నీళ్లల్ల కాలు పెట్టకు. మామా మంచం మీదనే ఉండని. ఇప్పుడు స్టోర్‌లకు పో. పెద్ద కరెంటు డబ్బల ఎడమదిక్కు చివర పెద్ద స్విచ్ ఉంటది. అది కింది అంతస్తుది. కిందికి దించు."

దించింది. కింద కరెంటు పోయింది. నా గుండె సగం కుదుటపడింది. నీళ్లూ కరెంటూ ఒక్కచోట ఉండగా నేను ఏ పనీ మొదలుపెట్టను.

"ఇప్పుడు మోటరు డబ్బ సూడు. పచ్చలైటు ఉన్నదా? ఎర్రలైటు ఉన్నదా?"

"ఏదీ లేదు నాయనా. నల్లగుండాది."

ఇక్కడే చిక్కుముడి. మోటరుకు లైను వేరే, ఆమె దించిన స్విచ్‌తో దానికి సంబంధం లేదు. పై అంతస్తులో కరెంటు ఉంది, డబ్బాలో లేదు. అంటే ఆ డబ్బాలో కరెంటును తెంచే మీట, బ్రేకర్, కిందికి పడి ఉంది. బ్రేకర్ రెండు రకాలుగా పడుతుంది. పంపులో ఏదో కాలి, దానంతటదే పడొచ్చు. దాన్ని ట్రిప్ అంటాం. అలా పడితే మళ్లీ పైకి లేపడం ప్రమాదం, నీళ్లలోకి కరెంటు రావచ్చు, ఆ నీళ్ల మధ్యలో మామా మంచం ఉంది. లేదంటే ఎవరైనా చేత్తో దించి ఉండాలి. చేత్తో దించిందయితే నిశ్చింతగా పైకి లేపొచ్చు. మామూలుగా ట్రిప్ అయిన మీట నడిమధ్యన ఆగుతుంది, కానీ ఆ ఇంటి పాత బ్రేకర్ ఎలా పడినా ఒకేలా కనబడేది. కాబట్టి నాకు తెలియాల్సింది ఒక్కటే. దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా?

"అక్కా, దాన్ని ఎవలన్న బందు పెట్టిన్రా?"

"లేదే... ఎవురు పెడతారు? ఇంట్లో ఎవురుండారు?" అంది.

నీళ్లు నమిలినట్టనిపించింది. మళ్లీ అడిగాను. "నేనేం ముట్టుకోలేదు నాయనా, నా మీద పెట్టొద్దు" అని ఏడుపు మొదలుపెట్టింది. నాకు కోపం నషాళానికంటింది. అరవబోయాను. అరిచి ఉంటే ఆ రోజు కథ మరోలా ముగిసేది.

సరిగ్గా అప్పుడే మా బిల్డింగ్ మీద పిడుగు పడ్డట్టు ఉరిమింది. నాతో గదిలో ఉండే లచ్చన్న, కోరుట్ల వాడు, మంచం మీంచి దూకి గోడకున్న ప్లగ్గులన్నీ పీకేస్తూ కేకలు పెట్టాడు. "ఉరుముతున్నది! టీవీ పీకుండ్రి! ఫ్రిజ్ పీకుండ్రి! కాలిపోతయ్!" దుబాయ్ వచ్చి ఎన్నేళ్లయినా వాడికి ఆ అలవాటు పోలేదు. నాకూ పోలేదు. నా చేయి కూడా ఫోన్ చార్జర్ మీదికే వెళ్లింది.

అప్పుడు వెలిగింది నాకు. బోరు నీళ్ల మీద బతికే ఊళ్లలో పుట్టినవాళ్లకు ఉరుమంటే వాన కాదు, మోటరు. పిడుగు లైను మీద పడితే వైండింగ్ మాడిపోతుంది. మోటరు మాడితే నీళ్లు లేవు, నీళ్లు లేకపోతే పైరు లేదు. ఆకాశం గుడగుడమంటే మా నాయన తల మీద గోనెసంచి కప్పుకుని స్టార్టర్ దించడానికి బావి దగ్గరికి పరుగెత్తేవాడు. రాయచోటిలో మాత్రం వేరేగా ఉంటుందా? దాన్ని మోటరు అని పరిచయం చేసింది కూడా నేనే.

గొంతు తగ్గించాను. "అక్కా, ఒక మాట. మా నాయన ఉరిమితే సాలు, అన్నం ముందటికెల్లి లేసి బాయికాడికి ఉరికేటోడు, మోటరు బందు పెట్టనీకి. నేనైనా గదే చేద్దును. నువ్వు గూడ గట్లనే చేసినవా?"

వాన చప్పుడు మధ్యలోంచి గౌసియక్క గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"పొద్దున గట్టిగా ఉరిమె నాయనా. మోటరు కాలిపోతే అర్బాబ్ నన్ను ఏమంటాడో అని... నేనే దించినా. ఉరుములు నిలిచినాక ఏద్దామనుకుంటి. మామాకు టీ ఇస్తా మరిసిపోయినా, నువ్వు అడిగినాకే గుర్తొచ్చె. ఇప్పుడు నన్ను ఇంటికి పంపిచ్చేస్తారు గదా?"

ప్రాణం లేచొచ్చింది నాకు! ఆ ఒక్క మాట కోసమే కదా నేను కాచుకున్నది. పంపు బాగుంది. మా గుంత బాగుంది, ఫ్లోట్ బాగుంది, మేం చేసిన పని బాగుంది. అన్నీ సిద్ధంగా నిలబడి, ఒక్క మీట పైకి లేస్తే చాలని ఎదురుచూస్తున్నాయి.

"ఎవ్వలు పంపరక్కా. చెయ్యి పొడిగుందా? కాళ్లకు చెప్పులున్నయా? మోటరు డబ్బల మీట పైకి లేపు."

టక్కుమంది. ఆ చప్పుడు నాకు ఫోన్లోనే వినిపించింది. దాని వెంటే పైపుల్లోంచి గుర్రుమనే మోత.

"పచ్చలైటు! పచ్చలైటు వచ్చిండాది! ఆడతాంది నాయనా!"

మెట్ల దగ్గర నిలబడి నీళ్లు చూడమన్నాను. మొదట ఏమీ తేడా లేదంది. పైనుంచి వాన పడుతూనే ఉంది కదా. కాసేపటికి, మునిగిన కింది మెట్టు అంచు కనిపిస్తోందంది. నేను గదిలో గంతేశాను. లచ్చన్న నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. అంతలో మళ్లీ ఉరిమింది, ఈసారి వాళ్ల వైపు. ఫోన్లో పెళపెళమని వినిపించింది. వెంటనే ఆమె చెప్పులు టపటపలాడుతూ స్టోర్ వైపు పరుగెత్తిన చప్పుడు.

"అక్కా! యాడికి?"

"ఉరుముతాంది నాయనా! ఒక్క గడియ ఆపేస్తా, కాలిపోతాది!"

"ఆపకు!" గది అదిరేలా అరిచాను. "కాలితే కాలనీ! మోటరు పోతే ఇంకోటి తెస్త. మామా పోతే యాడికెల్లి తెస్తవ్? దాని పానం పోయేదాకా తోడనీ. దాన్ని పెట్టిందే అందుకు!"

చప్పుళ్లు ఆగాయి. ఆమె రొప్పుతూ నిలబడిపోయిందని తెలుస్తోంది. ఒక మనిషి పుట్టినప్పటి నుంచీ ఒంట్లో నాటుకున్న భయాన్ని అదిమిపట్టి నిలబడటం ఎంత కష్టమో ఆ నిమిషం విన్నాను. మళ్లీ ఉరిమింది. ఈసారి ఆమె కదల్లేదు. "యా అల్లా, యా అల్లా" అనుకుంటూ అక్కడే నిలబడింది. మోటరు ఆడుతూనే ఉంది.

సాయంత్రం అస్ర్ నమాజు వేళకు మామా గది ముందు పలకల మధ్య గీతలు కనబడ్డాయి. నీళ్లు గడప దాటలేదు. నేల మీద నీళ్లు పోయాక గౌసియక్కను కిందికి వెళ్లనిచ్చాను. ఫోన్ మామా చేతికిచ్చింది. ఆ పెద్దావిడ హిందీ, అరబ్బీ కలిపి, "మోటర్ అచ్ఛా, తుమ్ అచ్ఛా, మాషాఅల్లా" అని ఒకటే దీవెనలు. నాకు కళ్లు చెమర్చాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

రోడ్లు తెరుచుకున్నాక మొదట ఆ ఇంటికే వెళ్లాను. గుంత తెరిచి చూశాను. కొత్త చెక్ వాల్వ్ రెక్క గట్టిగా మూసుకుని ఉంది. పంపు ఆగి ఉన్న ఆ పూటంతా వీధిలో నిండిన నీళ్లను వెనక్కి రానివ్వకుండా ఆపింది అదే. పాతదే ఉండి ఉంటే మీట లేపేలోపే మామా మంచం మునిగేది. అర్బాబ్‌ను పిలిచి మరీ చూపించాను. ఆయన దాన్ని తట్టి చూసి నవ్వాడు.

తర్వాత అడిగాడు. "మరి పంపు ఎందుకు ఆగింది?"

గౌసియక్క కాఫీ గిన్నెలతో అక్కడే నిలబడి ఉంది. బ్రేకర్ అనీ వోల్టేజ్ అనీ ఏదో ఒకటి చెప్పి దాటేద్దామని నేను నోరు తెరిచాను. ఆమె నాకంటే ముందే మాట్లాడింది. "మైనే బంద్ కియా, బాబా. బిజిలీ గరజీ, డర్ గయీ." నేనే ఆపాను, ఉరుముకు భయపడ్డాను అని ఒప్పేసుకుంది. ఆయన ముఖం మారింది. లోపలి నుంచి మామా గొంతు ఖంగుమని వినిపించింది. అరబ్బీలో ఏదో గట్టిగా అని, మాకూ అర్థం కావాలని హిందీలోకి దిగింది. బంద్ చేసిందీ గౌసియానే, చాలూ చేసిందీ గౌసియానే. "గౌసియా కహీ నహీ జాయేగా. ఖలాస్!" గౌసియా ఎక్కడికీ పోదు, అంతే. ఆ ఇంట్లో మామా ఖలాస్ అన్నాక ఇంకెవరూ నోరెత్తరు. ఆ రోజు గౌసియక్క పోసిన కాఫీ రుచి నాకిప్పటికీ గుర్తుంది.

ఈ సంగతి నా పని తీరును మార్చింది. ఇప్పుడు ప్రతి మార్చిలోనూ గుంత కడిగినంత శ్రద్ధగా ఇంటి మనుషులతో మాట్లాడతాను. వంటవాళ్లను, డ్రైవర్లను, తోటమాలిని, అందరినీ డబ్బా దగ్గరికి పిలుస్తాను. ఉరిమితే మీ ఊళ్లో ఏం చేస్తారని అడుగుతాను. బీహార్ వాళ్లు, బంగ్లా వాళ్లు, మనవాళ్లు, నవ్వుకుంటూ అందరూ ఒకటే చెబుతారు. అప్పుడు ఇక్కడ మాత్రం ఎందుకు ఆపకూడదో చెబుతాను. మెషిన్‌ను పరీక్షించడానికి బకెట్ నీళ్లు చాలు, మనిషి భయం తెలియాలంటే పక్కన కూర్చుని అడగాలి. తప్పెవరిదని అడిగితే నిజం బయటికి రాదని, నేనూ అదే చేసేవాణ్నంటే వస్తుందని ఆ ఫోన్ కాల్ నాకు నేర్పింది.

ఆ తర్వాతి చలికాలంలో ఒకరోజు ఆకాశం కమ్ముకుంది. గౌసియక్క పేరుతో ఫోన్ మోగేసరికి చేతిలో పని వదిలేసి అందుకున్నాను. ఎత్తగానే వెనకాల ఉరుములు, వాటి కింద నాకు బాగా తెలిసిన గుర్రుమనే మోత.

"ఏమైందక్కా?"

"ఏమీ కాలేదు నాయనా. ఊరికే చేసినా. ఇక్కడ ఉరుముతాంది, మోటరు ఆడతాంది. మామా నిద్రపోతాంది. నేను స్టోర్ తలుపుకు అడ్డంగా కుర్చీ యేసుకోని కూసున్యా. దాన్ని ఆపేదానికి ఎవురొస్తారో రానీ, చూస్తా!"